అన్నీ బాగున్నాయి

ఆ పొద్దున దర్జీ సూదిలోకి దారం ఎక్కించడానికి నాలుగుసార్లు తంటాలు పడ్డాడు. తప్పు కళ్ళజోడుది కాదు. ఎదురుగా బల్ల మీద కూతురు రాజీనామా కాగితం రాస్తోంది. మందుల దుకాణంలో మూడేళ్ళుగా చేస్తున్న ఉద్యోగం, ఇవాళ్టితో సరి.

"నెలనెలా నలభై మంది మా కోసమే వస్తున్నారు నాన్నా. కొత్త బ్యాండుకి అది మాటలు కాదు. ఇంక రోజంతా సాధన చెయ్యకపోతే వాళ్ళని మోసం చేసినట్టే," అంది కలం ఆపకుండా.

మోసం అన్న మాట వినగానే సూది వేలికి గుచ్చుకుంది. ఇస్త్రీ చేస్తున్న భార్య తలెత్తి చూసింది.

"మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"నువ్వు చొక్కా కాలుస్తున్నావు, అది చూసుకో."

"చొక్కా కాలితే ఇంకోటి కుడతారు. పిల్ల బతుకు కాలితే?"

కలం ఆగింది. "ఏంటమ్మా?"

దర్జీ సూది పక్కన పెట్టేశాడు. ఆరు నెలల కిందట మొదటి కచేరీకి హాల్లో ఐదుగురే కూర్చున్నారు. ఆ రోజు కూతురు అన్నం ముట్టకుండా పడుకుంది. మర్నాడు తన కుట్టు దుకాణానికి వచ్చిన మొదటి మనిషితోనే అతను అన్నాడు: "వచ్చే నెల కచేరీ ఆదివారం సాయంత్రం కాసేపు మా అమ్మాయి పాడే హాల్లో కూర్చుని రండి బాబూ, మీ పంట్లాం అంచు ఊరికే కుట్టిపెడతా." ఊరికే వస్తుందంటే నలుగురూ నలభై మంది కావడం ఎంతసేపు?

అదంతా తల వంచుకుని, చేతిలో గుడ్డతో మాట్లాడినట్టు చెప్పాడు. చెప్పడం అయ్యాక కూడా తల ఎత్తలేదు.

కూతురు అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది అతనికి. లోపలికెళ్ళి ఒక పుస్తకం తెచ్చింది. బ్యాండులో ముగ్గురు: పాడేది తను, గిటారుకి తీగ, డ్రమ్ములకి డబ్బా. ఆ ఇద్దరికీ అవే పేర్లు స్థిరపడిపోయాయి. కచేరీ అయ్యాక ముగ్గురూ గుమ్మం దగ్గర నిలబడి, బయటికెళ్ళే ప్రతి మనిషినీ అడుగుతారు, ఏ పాట నచ్చింది, ఎందుకు నచ్చింది అని. చెప్పింది పేరుతో సహా రాసుకుంటారు. మరుసటి నెల పేరు పెట్టి పలకరించి ఆ పాట పాడతారు. పేరు పెట్టి పిలిస్తే మనిషి మళ్ళీ వస్తాడని ఆమె నమ్మకం.

"ఇదిగో చూడు," అని పేజీలు తిప్పింది. "అన్నీ బాగున్నాయి. అన్నీ బాగున్నాయి. ఇక్కడా అదే. పాపం మొహమాటస్తులు అనుకున్నాం నాన్నా. తీగ అయితే, మనవాళ్ళకి మనం ఏం పాడినా ఇష్టమే అని మురిసిపోయాడు."

దర్జీ ఒక్కో పేరూ చదివాడు. ఈయన నడుము కొలత ముప్ఫై ఎనిమిది. ఈయనకి ఎడమ కాలు కాస్త పొట్టి. అందరూ తనవాళ్ళే.

ఆమె ఒక్కో పేరూ కొట్టేస్తుంటే ఆ గీతలు తన వీపు మీద పడుతున్నట్టు కూర్చున్నాడు.

చివరికి తొమ్మిది మంది మిగిలారు. మూడో పాట వింటే పోయిన చెల్లెలు గుర్తొస్తోందన్న నర్సమ్మ, డ్రమ్ములు కాస్త తగ్గించమన్న బస్సు డ్రైవరు, ఇంకో ఏడుగురు.

"తొమ్మిది మందేనా?" అంది తల్లి, ఉండబట్టలేక.

"తొమ్మిది మంది నిజం కదమ్మా." కూతురు రాజీనామా కాగితం మడిచి పుస్తకంలో పెట్టింది. "ఇది ఇక్కడే ఉంటుంది, ఈ పేర్లు పెరిగేదాకా." మందుల దుకాణానికి బయల్దేరుతూ గుమ్మంలో ఆగింది. "ఊరందరినీ పంపావు. నువ్వు ఒక్కసారి రాలేదే?"

"ఆదివారాలు... వాళ్ళ అంచులు కుడుతూ ఉండిపోయానమ్మా."

ఆమె వెళ్ళిపోయింది. అతను మిషను మీద తల ఆనించి, పెళ్ళాం చూస్తోందని కూడా మర్చిపోయి ఏడ్చాడు.

ఆ నెల కచేరీ నాడు దుకాణం మూసి ఇద్దరూ వెళ్ళారు. హాల్లో ఎటు చూసినా ఖాళీ కుర్చీలే. కూతురు మాత్రం నర్సమ్మని పేరు పెట్టి పిలిచి మూడో పాట ఎత్తుకుంది. చివరి వరసలో దర్జీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ చేతులు ఖాళీగా ఉండటం అతని భార్యకే కొత్తగా అనిపించింది.

అయ్యాక గుమ్మం దగ్గర పుస్తకం తెరిచి ఉంది.

"చెప్పండి, ఏ పాట నచ్చింది?" అంది కూతురు, అందరినీ అడిగినట్టే.

అన్నీ బాగున్నాయి అనబోయి నాలిక కరుచుకున్నాడు.

"మూడో పాటే తల్లీ. చివర్లో ఒకచోట నీ గొంతు కుట్టు విడిపోయినట్టు పిగిలింది చూడు. దాన్ని సరిచెయ్యొద్దు. అక్కడే నాకు ఏడుపొచ్చింది."

ఆమె తల వంచుకుని రాసింది. అక్షరాలు అలుక్కుపోతుంటే చేత్తో అద్ది, పక్కన పదో అంకె వేసింది.