తోడున్న బండి

“ఇవాళ మీరు గుమ్మం దాటకపోతే నేను దాటేస్తాను! ఇక నావల్ల కాదు…”

సర్దిన సంచీని గుమ్మంలో పెట్టి, ఇరవై ఆరేళ్ళ కాపురంలో మొదటిసారి గొంతెత్తింది ఆ ఇల్లాలు. ఎత్తిన గొంతు విని ముందు తానే ఉలిక్కిపడింది. పదకొండు నెలలు! వానలో మలుపు దగ్గర తాను తోలుతున్న బస్సు పక్కకి ఒరిగి పడిపోయిన రోజునుంచి ఆమె భర్త మంచానికీ గోడకీ అతుక్కుపోయాడు. ఎవరి ప్రాణం మీదికీ రాలేదు, డ్రైవరు తప్పు లేదని డిపోవాళ్ళే తేల్చారు. అయినా సరే, పలకరిస్తే కసురుతాడు, పలకరించకపోతే అలుగుతాడు. మగవాడి పరువు గాజుగ్లాసు లాంటిది; పగిలేది వాడిది, ఆ పెంకులు ఏరుకుని వేళ్ళు కోసుకునేది ఆడది! కుట్టుమిషను చప్పుడులో ఏడుపు కలిపేసుకుంటూ ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చింది పాపం…

ఆస్పత్రిలో నర్సుగా చేస్తున్న కూతురు ఇద్దరి మధ్యకీ వచ్చింది. “నాన్నా, ఒక్కసారి రా. మా పళ్ళ డాక్టరు గారు రిమోటు కార్ల పందేల క్లబ్బు నడుపుతున్నారు. నీకు నచ్చిన కారు చూపించు, నేను కొనిపెడతా.”

“బస్సు తోలిన చేతికి బొమ్మకారా! ఆ చేత్తోనే ఓ ఉయ్యాల కూడా కొనిపెట్టవే!”

“మీ అలకలకి ఉయ్యాలే సరిపోయేది,” అంటూ ఇల్లాలు సంచీ భుజానికెత్తుకుంది.

సంచీ లేవగానే ఆయన చెప్పులు వెతుక్కున్నాడు.

క్లబ్బంటే ఓ పాత గోడౌను. లోపల అడుగుపెట్టగానే ఆమె అక్కడే ఆగిపోయింది! నేలంతా బూడిదరంగు తివాచీ. దానిమీద పాములా మెలికలు తిరిగిన దారి. ఆ దారిలో మూరెడేసి కార్లు తుమ్మెదల గుంపులా ఝుమ్మంటూ, చూపుకి కూడా అందకుండా దూసుకుపోతున్నాయి! ఎత్తైన చెక్క అరుగు మీద వరసగా ఓ తాపీమేస్త్రీ, ఓ లెక్కల టీచరమ్మ, తల పండిన ఓ నాయనమ్మ… చేతుల్లో రిమోట్లు, ఒక్కరూ రెప్ప వాల్చడం లేదు. ఇంతమంది పెద్దవాళ్ళు ఇంత చిన్నవాటి కోసం ఇలా ఊపిరి బిగబట్టడం ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

“అదీ! ఆ వెండిరంగుది! ఏం జోరు… అదే కొను తల్లీ!”

ఆ కేక ఎవరిదా అని తిరిగి చూసింది. భర్తదే! ఆ కళ్ళలో వెలుగు చూసి ఎన్నాళ్ళయింది!

పళ్ళ డాక్టరు నవ్వాడు. “ఆగండాగండి. మొదటి బండి కొనేవాళ్ళకి ఇక్కడో పద్ధతుంది. ముందు ఒక పందెం సేపు ట్రాకులో నిలబడాలి. పడిపోయిన బండిని ఎత్తి నిలబెట్టాలి. ఎవరిదని చూడకూడదు, ఎందుకు పడిందని అడగకూడదు. నిలబెట్టి పక్కకి తప్పుకోవాలి, అంతే.”

పడిపోయిన బండి అనగానే డ్రైవరు ముఖం పాలిపోయింది. వెలుగు ఆరిపోయింది. వెళ్ళి గోడకి చేరబడ్డాడు. ఇక్కడా గోడే…

ఆమె ఆ గోడ వంక ఒక్కసారి చూసి ముందుకొచ్చింది. “నేను నిలబడతానండీ,” అంది డాక్టరుతో.

“చెల్లెమ్మని ముందుకు తోసి బావగారు గోడకి కాపలా కాస్తున్నారేం!” అంటూ డాక్టరు ఆమెకు చేతుల్లేని నారింజరంగు కోటు అందించాడు. చంక దగ్గర కుట్టు ఊడిపోయింది. ఆమె కంటికి ముందు ఆనింది అదే.

పందెం మొదలైంది. బండి పల్టీ కొట్టిన చోటికల్లా ఆమె పరుగెత్తింది, వంగింది, ఎత్తింది, నిలబెట్టింది, తప్పుకుంది. వెండిరంగు కారు ఒక్క మలుపులోనే నాలుగుసార్లు బోర్లాపడింది. ఐదోసారి చక్రం పక్క కడ్డీ విరిగింది. దాని తాలూకు కుర్రాడు దిక్కులు చూశాడు. అలాంటి ముక్క అక్కడ ఎవరిదగ్గరా లేదు! అదే కడ్డీ మేస్త్రీ నీలం కారుకి విరిగితే, పక్కనే అలాంటి కారే ఉన్న నాయనమ్మ తన డబ్బా తెరిచి ఓ ముక్క చేతిలో పెట్టింది. నిమిషంలో బండి మళ్ళీ దారెక్కింది!

చెమట తుడుచుకుంటూ వచ్చింది ఇల్లాలు. “ఏమండీ, జోరుదొద్దు. ఆ నీలందే తీసుకుందాం. ఇక్కడ ఐదుగురి దగ్గర అదే ఉంది. ఏది విరిగినా పక్కవాళ్ళిస్తారు. తోడున్న బండండీ అది!”

ఆయన కారు వంక చూడలేదు, భార్యనే చూస్తున్నాడు. ఎన్నడూ ఎరగని మనిషిని చూసినట్టు చూస్తున్నాడు.

“ఆ రోజు… డిపోలో అడిగారు, వీధిలో అడిగారు, మా అన్నయ్య ఫోను చేసి మరీ అడిగాడు, ఎందుకు పడిందిరా అని. నువ్వొక్కదానివే… ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా అడగలేదేమే?”

“అడిగితే… మీరు లేచేవారా?”

అంతే! ఆవిడ కళ్ళు వరదలయ్యాయి. కూతురు అటు తిరిగి ముక్కు చీదుకుంది. డాక్టరు ఏమీ విననట్టు తన పాత నీలం కారు తెచ్చి, “ముందు దీంతో చెయ్యి అలవాటు చేసుకోండి బావగారూ,” అన్నాడు.

డ్రైవరు రిమోటు తీసుకుని భార్య చేతిలో పెట్టాడు. ఆమె ఒంటి మీది నారింజ కోటు విప్పించి తాను తొడుక్కున్నాడు. “నువ్వు తోలు. నేను కింద నిలబడతా.”

“నాకేం వచ్చండీ! సైకిలైనా తొక్కినదాన్ని కాదు…”

“పడితే పడనీ.”

అరుగెక్కింది. వేలు నొక్కగానే కారు ఉరికింది! అరచేతిలో ప్రాణమున్నదేదో కొట్టుకుంటున్నట్టు ఒళ్ళు జలదరించింది. వెళ్ళేటప్పుడు చెప్పిన మాట విన్న బండి, తనవైపు తిరిగి వచ్చేటప్పుడు కుడి అంటే ఎడమకి పోయింది. మలుపు దగ్గర గోడకి తగిలి, గాలిలో గిరికీ కొట్టి, వెల్లకిలా పడింది.

మలుపులో పడ్డ బండి… ఆమె చూపు ఆయన మీదికి పోయింది.

పదకొండు నెలలుగా మంచం దిగనన్న మనిషి పరుగెత్తాడు! వంగాడు. రెండు చేతులా ఎత్తి, మెల్లగా చక్రాల మీద నిలబెట్టి, పక్కకి తప్పుకున్నాడు.

ఎందుకు పడిందని ఆయన అడగలేదు.

ఆమె చీరచెంగుతో కళ్ళొత్తుకుని వేలు నొక్కింది. బండి కదిలింది…