మలాకా పాత ఇంట్లో ఏడు అన్నపు ఉండలు

మిట్టమధ్యాహ్నం... సరిగ్గా పన్నెండు!

కమ్యూనిస్టుల మీద తెల్లదొరలు మలయాలో పెట్టిన ఎమర్జెన్సీ కర్ఫ్యూ వల్ల ఆ ఏడు, 1952లో, క్షుద్రపూజలు సైతం పగటికే మారాయి. సముద్రం మీద కాలమేఘాలు కమ్మాయి. కొండ మీద కప్పులేని పోర్చుగీసు చర్చి గోడల్లో గుడ్లగూబ వేళకాని వేళ కూసింది...

కూర్మమ్మ తన కూతురు పాపాయిని నడుముకు తాడు కట్టి నడిపిస్తోంది. నలభై రోజులుగా ఆ పిల్ల నోట మగవాడి గొంతు! ముందు నడుస్తున్నవాడు వీరాస్వామి, రబ్బరు తోటలో తాయెత్తులు కట్టే మాంత్రికుడు. ఊరు చూపించడానికి తెచ్చినట్టు చెబుతూనే ఉన్నాడు. ఈ కోటగుమ్మం పోర్చుగీసులదట, ఆ ఎర్రగోడలు డచ్చివాళ్లవట. వాళ్ల శవాలన్నీ ఈ నేలలోనే ఆకలితో ఉన్నాయట, వాటిలో ఒకటి పాపాయిని పట్టిందట. ప్రేతం వదిలాక పిల్ల తన దగ్గరే ఉండాలని కూడా అన్నాడు. కూర్మమ్మ తలూపింది. ముందు బతకాలి కదా.

తల్లి చేత్తో వండిన చప్పిడి అన్నంతో ఏడు పిండాలు తెమ్మన్నాడు. కానీ అడవిలో కమ్యూనిస్టులకు అందుతుందని తోట గేటు దాటి మెతుకు పోనివ్వరు. ఆమె మూటను కాపలావాడు బురదలో కుమ్మరించాడు. ఊళ్లో దిగాక ఒక చీనా హోటల్లో గుండ్రటి అన్నపు ఉండలు కనిపిస్తే, మాంత్రికుడు చూడకుండా ఏడు కొని కొంగున కట్టుకుంది. కోడి వాసన తగిలింది. చెబితే పూజ ఆపేస్తాడని నోరు కుట్టేసుకుంది.

వీరాస్వామి పూజకు తీసుకెళ్లిన పాత ఇల్లు వీధివైపు రెండు బారల వెడల్పే. లోపలికి గుహలా సాగి, నడిమధ్యన ఆకాశానికి తెరుచుకున్న మండువా. అక్కడ ఎర్రముగ్గులో కపాలం! వీరాస్వామి తన చుట్టూ ఏడు పిండాలు కంచెగా పెట్టుకున్నాడు. చప్పిడి అన్నాన్ని ప్రేతం దాటదు. కూర్మమ్మ చేతికి కత్తి, నిమ్మకాయ ఇచ్చి, తను చెప్పినప్పుడు కొయ్యమన్నాడు. సాంబ్రాణి పొగలో కోడి వాసన అతనికి అందలేదు.

మంత్రోచ్చారణ... ఉరుము... పాపాయి దేహం ధనుస్సులా వంగింది. భీకరమైన కేక!

తర్వాత నిశ్శబ్దం. మొదటి ఉండ మాయమైంది. ఎవరో నములుతున్న చప్పుడు... రెండోది... మూడోది...

"కూర్మీ, ఇదేటన్నం?" అన్నాడు వీరాస్వామి.

"కోడన్నం మావా."

ఏడోదీ పోయింది. కంచె లేదు! అదృశ్య హస్తాలు అతని కంఠాన్ని చుట్టాయి. కనుగుడ్ల నుంచి నెత్తురు చిమ్మింది.

"నిమ్మకాయ కొయ్యి... కోసేత్తే అది మళ్లీ పిల్ల మీదకెళ్లిపోద్ది. దాన్నంపినోడ్ని నేనే... నేనే తీసేత్తాను..."

"అమ్మా" అంది పాపాయి. తన సొంత గొంతుతో.

కూర్మమ్మ కత్తి కింద పెట్టింది.

"నా పిల్లనొగ్గీసినాదా మావా?"

"ఒగ్గీసినాది... కొయ్యే..."

"అయితే నీకాడే ఉండనీ."

ఎముకలు ఒక్కొక్కటిగా విరగసాగాయి... కూర్మమ్మ రెండు చేతులతో కూతురి చెవులు మూసింది. తను మాత్రం ఆఖరి ఎముకదాకా విన్నది.