పెద్దదాని పేరు

కవ్వం కనబడలేదు. శుక్రవారం పొద్దున్నే రకియా పొయ్యి పక్కన చూసింది, కుండల వెనక చెయ్యి పెట్టి తడిమింది. ఆ రోజు నుంచి రెండు రోజులు వంట వంతు ఆమెది. కవ్వం పెట్టి గిలక్కొట్టకపోతే కూకా ఆకుపొడి పులుసు ఉండలు కడుతుంది.

"లుబాబా! ఓ కొత్తపెళ్ళికూతురా!" అని అవతలి గది వైపు కేకేసింది. పెళ్ళై ఏడేళ్ళు దాటినా నైజీరియాలోని ఆ కానో ఊళ్ళో రెండో భార్య కొత్తపెళ్ళికూతురే.

లుబాబతు బయటికొచ్చింది. కవ్వం ఆమె చేతిలోనే ఉంది, ఇంకా జావ అంటుకుని.

"మహ్ఫూజ్‌కి జావ కలిపానక్కా. కడిగి తెద్దామనుకుంటున్నా."

"తెస్తావులే, రంజాను నాటికి. నీ వంతు నిన్నటితో అయిపోయింది. నా వంతు నాడు సామాను నా పొయ్యి దగ్గరుండాలి."

"ఒక్క కవ్వానికి ఇంత గొడవా? కొత్తది కొనుక్కొస్తాలే."

"కొనవూ మరి! కొత్తవన్నీ నీకేగా. కొత్త బడి, కొత్త చొక్కా, కొత్త సంచీ!"

గొడవ కవ్వం గురించి కాదని లుబాబతుకి అప్పుడు అర్థమైంది. కవ్వం కడిగి పొయ్యి గట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది. అలా వెళ్ళిపోవడం కూడా రకియాకు గొప్పలు పోవడంలాగే కనిపించింది.

విమానాశ్రయం దారిలో పెట్టిన ఆ కొత్త బడి గురించి పేటలో తల్లులందరూ చెప్పుకుంటున్నారు. పొద్దున అమెరికా చదువు, మధ్యాహ్నం ఖురాను, అరబ్బీ, అన్నీ ఒక్క కప్పు కిందే. ఇప్పటి పిల్లల్లా పొద్దున ఒక బడికి, సాయంత్రం ఖురాను బడికి పరుగులు పెట్టనక్కర్లేదు. వాళ్ళిద్దరి భర్త, బట్టల వ్యాపారి అల్‌హాజీ హబీబు రెండు వారాల కిందట భార్యలిద్దరినీ, చెరొక బిడ్డనీ కారెక్కించుకుని అక్కడికి తీసుకెళ్ళాడు.

పెద్ద మేడమ్ తల్లులతోనే మాట్లాడతానంది. నైజీరియా దక్షిణాది నుంచి వచ్చినావిడ, అమెరికాలో చదువుకుంది, ఈ ఊరి పద్ధతులు తెలియవు. "మీ అమ్మాయి పేరేంటమ్మా? ఎలాంటి పిల్ల? ఏం ఇష్టం?" అని నవ్వుతూ అడిగింది.

రకియా ముసుగు నోటి దాకా లాక్కుని నేల చూసింది. తొలిచూలు బిడ్డ పేరు తల్లి నోట రాకూడదు. పదిమందిలో ఆ బిడ్డను ముద్దు చేయకూడదు, పొగడకూడదు. ఆమె తల్లి ఆమెను అలాగే పెంచింది. తర్వాత పుట్టిన మగపిల్లలిద్దరినీ రకియా పేరు పెట్టే పిలుస్తుంది. తొమ్మిదేళ్ళ పెద్ద కూతురిని మాత్రం "పెద్దది" అంటుంది, అంతే. మేడమ్ మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ రకియా నేలనే చూసింది.

లుబాబతు కుర్చీ ముందుకు జరుపుకుని, "మా మహ్ఫూజ్ ఉన్నాడే, మేడమ్..." అని మొదలుపెట్టి పావుగంట ఆపలేదు. వాడూ ఆమెకు తొలిచూలే.

బుధవారం బడి నుంచి కాగితం వచ్చింది. అబ్బాయికి చోటిచ్చారు, ఆకుపచ్చ బడి చొక్కా, సంచీ కూడా పంపారు. అమ్మాయి విషయంలో తల్లికి ఆసక్తి కనబడలేదన్నారు. అది చదివి అల్‌హాజీ, "మన మర్యాదలు వాళ్ళకేం తెలుసు? పోనీ, వచ్చే ఏడు చూద్దాం. ఆడపిల్లేగా, ఇప్పుడున్న బడి బాగానే ఉంది" అనేశాడు. వచ్చే ఏడు అనే మాట ఆ ఇంట్లో ఎన్నటికీ రానిదని రకియాకు తెలుసు. బతిమాలాలనిపించింది. కానీ పెద్దదాని కోసం బతిమాలడం కూడా సిగ్గే.

ఆ రోజు నుంచి లుబాబతు ఏం చేసినా రకియాకు కడుపు మండుతూనే ఉంది. ఇప్పుడు కూడా తీగ మీద ఆరుతున్న మహ్ఫూజ్ ఆకుపచ్చ చొక్కా గాలికి ఊగుతుంటే, అది తనను చూసి నవ్వుతున్నట్టే ఉంది.

అల్‌హాజీ జుమ్మా నమాజుకు బయల్దేరగానే లుబాబతు వంటింట్లోకి వచ్చింది.

"ఉల్లిపాయలు తరిగిపెట్టనా అక్కా?"

"అక్కర్లేదు. నీ కొడుకు గొప్పలు చెప్పుకోవడానికి నోటికి బలం మిగలాలిగా."

"అంటే ఏంటి?"

"సిగ్గు లేదంటున్నా! తొలిచూలు కొడుకుని 'మహ్ఫూజ్, మహ్ఫూజ్' అని వీధి చివరికి వినబడేలా పిలుస్తావు. నేను నోరు కట్టుకు కూర్చున్న చోట, నువ్వు నోరున్నందుకు చోటు కొట్టేశావు!"

లుబాబతు గుమ్మానికి ఆనుకుని నిలబడింది. "ఆ సిగ్గు నాకు లేదు కాబట్టే జులైహా గురించి కూడా నేను చెప్పగలిగాను."

కవ్వం ఆగింది. తన కూతురి పేరు సవతి నోట్లో ఎంత తేలిగ్గా పలికిందో వినేసరికి రకియాకు ఒళ్ళు మండింది. "ఏం చెప్పావ్? ఎప్పుడు?"

"నిన్న. పుస్తకాలకని చెప్పి మహ్ఫూజ్‌తో పాటు దాన్నీ తీసుకెళ్ళాను. వేపచెట్టు నీడ గోడ మీద ఎక్కడికొస్తే మసీదు అజాన్ వినబడుతుందో బొగ్గుతో గీతలు గీసిందనీ, ఇప్పుడు గీత చూసి అజాన్ కంటే ముందే కాళ్ళూచేతులూ కడుక్కునే వుజూకి నీళ్ళు పెడుతుందనీ చెప్పాను. మేడమ్ పెన్ను కింద పెట్టేసి వింది."

"ఆ గీతలు నువ్వెప్పుడు చూశావ్?" అంది రకియా. అవి తానొక్కతే చూసి దాచుకున్నాననుకుంది.

"పండగకి ఇల్లంతా సున్నం వేయించి, ఆ మూల ఒక్కటి వదిలేయించావు. బొగ్గు మరకలని పిల్లని తిడుతూనే వదిలేయించావు. నాకు కళ్ళు లేవా అక్కా?"

రకియా పీట లాక్కుని కూర్చుంది.

"సోమవారం దాకా చోటు ఆపుతానంది" అంది లుబాబతు మెల్లగా. "కానీ నేను చెబితే చాలదట. కన్నతల్లే వచ్చి చెప్పాలట."

"మరి నిన్ననే నాతో అనకపోయావా?"

"అంటే ఊరుకుంటావా? 'నా వెనక నా పిల్లతో ఊరేగుతావా' అని ఆ కవ్వంతోనే కొట్టేదానివి."

రకియాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ మింగేసింది. ఇంతలో పెద్దది నీళ్ళ కూజాతో లోపలికొచ్చింది.

"నువ్వూ చెప్పలేదే నాకు?" అంది రకియా, దాని మొహం చూడకుండా.

"చిన్నమ్మ వద్దంది." పిల్ల కూజా దించింది. "ఇంట్లో అమ్మ నిన్నేమని పిలుస్తుందని మేడమ్ అడిగారు. పెద్దది అంటుందన్నా. అది పేరు కాదుగా అన్నారు. మహ్ఫూజ్‌ని వాళ్ళమ్మ పేరు పెట్టే పిలుస్తుంది, అమ్మా" అంది.

ఫిర్యాదులా అనలేదు. కిటికీలోంచి తీగ మీది ఆకుపచ్చ చొక్కా వైపు చూస్తూ అంది. ఆ చూపు రకియాకు కొత్త కాదు. రెండు రోజులుగా తనూ ఆ చొక్కాను అలాగే చూస్తోంది. తనకు బడి చోటు మీద అసూయ అనుకుంది ఇంతవరకూ. కాదు. కన్నబిడ్డను నోరారా పిలుచుకునే ఆ నోటి మీద అసూయ. ఆ మంట పిల్లకు కూడా అంటుకుందని ఆమెకు ఇప్పుడే తెలిసింది.

శుక్రవారం మధ్యాహ్నం మాత్రమే ఆ ఇంట్లో అందరూ కలిసి తింటారు. వేపచెట్టు కింద చాప పరిచారు. అల్‌హాజీ ఒక పక్కన, ఆయన తల్లి హజ్జియా ఇంకో పక్కన కూర్చున్నారు. ఈ ఇంటి మర్యాదలన్నిటికీ కాపలా ఆ ముసలామే. రకియా జొన్న సంకటి ముద్దలు పెట్టి పులుసు పోసింది. ఉండ ఒక్కటి లేదు. తను మాత్రం కూర్చోలేదు.

"సోమవారం నేను ఆ బడికి వెళ్తున్నాను" అంది. "ఒక్కదాన్నే వెళ్ళి మాట్లాడతాను."

"దేని గురించి?" అన్నాడు అల్‌హాజీ.

రకియా లుబాబతు వైపు చూసింది. లుబాబతు తల వంచుకుని మహ్ఫూజ్ ముద్ద చల్లారుస్తోంది.

"జులైహా గురించి" అంది రకియా. "జులైహా ఈ ఏడే అక్కడ చేరుతుంది."

అల్‌హాజీ ముద్ద గాల్లోనే ఆగింది. పెద్దది తలెత్తి, ఎవరో కొత్తమనిషిని చూసినట్టు తల్లిని చూసింది. అందరూ హజ్జియా వైపు తిరిగారు.

ముసలామె తాపీగా నమిలి మింగింది. "ఎవరు చేరతారన్నావ్? నాకు చెవుడు. మళ్ళీ చెప్పు."

"జులైహా" అంది రకియా. కన్నీళ్ళు ముసుగు మీదికి జారాయి. "నా జులైహా."

"ఆఁ, ఇప్పుడు వినబడింది" అని హజ్జియా తన గిన్నెలోని మాంసం ముక్క తీసి మనవరాలి పళ్ళెంలో వేసింది. "తిను. సోమవారం అమ్మతో నువ్వూ వెళ్ళు. దారి పొడుగునా పేరు పెట్టి పిలిపించుకో."