పైపు మీద మూడు దెబ్బలు

మా బావకి మాట తక్కువ, పానా ఎక్కువ. అక్కని చేసుకున్నప్పటి నుంచీ, అంటే పదమూడేళ్ళుగా, ఇద్దరం కలిసే ఫ్యాక్టరీ బాయిలర్లకి మంట పెట్టే బర్నర్లు బాగుచేస్తున్నాం. సాధారణంగా నూనె పంపు గోడకి ఇవతల, బర్నర్ అవతల ఉంటాయి. పంపు హోరులో కేక వినబడదు, ఫోనుకి సిగ్నల్ అందదు. అందుకని పైపు మీద పానాతో కొట్టి మాట్లాడుకుంటాం. ఒక దెబ్బంటే ప్రెషర్ పెంచు. రెండంటే తగ్గించు. మూడంటే అయిపోయింది, చెయ్యి తీసెయ్. పదమూడేళ్ళలో ఈ లెక్క ఒక్కసారీ తప్పలేదు.

ఆ రోజు పొద్దున బయల్దేరుతుంటే అక్క గుమ్మంలో నిలబడి, "మీ బావకి జలుబుగా ఉందిరా, కాస్త కనిపెట్టుకుని ఉండు," అంది. "నీ మొగుణ్ణి నెత్తిన పెట్టుకుని తీసుకొస్తాలే," అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

అది బట్టలకి రంగులద్దే ఫ్యాక్టరీ. మంట దగ్గుతోందని, నూనె ప్రెషర్ చూపే గేజిలో ముల్లు ఒకచోట నిలబడడం లేదని కబురు. పంపు గదిలోకి వెళ్ళి రెగ్యులేటర్ విప్పాను. స్ప్రింగులో బిగువు చచ్చిపోయింది, వాల్వు కూర్చునే చోట మడ్డి పేరుకుంది. మడ్డి గోకి, కొత్త స్ప్రింగు వేశాను. ఇక మర తిప్పి ప్రెషర్ సరిపెట్టడమే మిగిలింది. కుడికి తిప్పితే పెరుగుతుంది, ఎడమకి తిప్పితే తగ్గుతుంది. అంతకంటే బ్రహ్మవిద్యేం లేదు.

అక్కడి ఆపరేటర్, అరవై దాటిన మనిషి, మా వెనకే తచ్చాడుతున్నాడు. బావ పానా చేతిలోకి తీసుకోగానే దగ్గరికొచ్చాడు.

"పైపు మీద కొట్టకండయ్యా," అన్నాడు గొంతు తగ్గించి.

"మరెలా మాట్లాడుకోవాలి?" అన్నాను.

"నడిచెళ్ళి చెప్పుకోండి. ఇదివరకు వచ్చినవాళ్ళూ ఇద్దరే. ఇలాగే కొట్టుకున్నారు. ఒకడే తిరిగెళ్ళాడు."

"రెండోవాణ్ణి ఇక్కడే ఉద్యోగంలో పెట్టుకున్నారేమో," అన్నాడు బావ. మాట తక్కువైనా జోకు మాత్రం వదలడు. ఇద్దరం నవ్వుకున్నాం. పెద్దాయన నవ్వలేదు, భోజనానికి వెళ్ళిపోయాడు.

బర్నర్ ముందు రోజే ఆపేశారు, బాయిలర్ చల్లారింది. నూనె మాత్రం సలసల కాగుతూ పైపుల్లో తిరిగి ట్యాంకులోకే పోతోంది. "ప్రెషర్ కుదిరాక నువ్వు పంపు ఆపి మూడు కొట్టు. అప్పుడు బాయిలర్ లోపలికి దూరి మంట తగిలే ఇటుకలు చూస్తా," అని చెప్పి బావ గోడ అవతల, గేజి దగ్గరికి వెళ్ళాడు.

పంపు గదికి కిటికీ లేదు. ఒకే ఒక్క బల్బు, దాని మీద నూనె జిడ్డు. కాగిన నూనె వాసన గొంతులో అంటుకుంటోంది.

ఠంగ్. పావు చుట్టు తిప్పాను. ఠంగ్. ఇంకో పావు. మామూలుగా పదహారు దెబ్బలకి సరిపోవాలి. సరిపోలేదు. ఠంగ్. కొత్త స్ప్రింగు కదా, సర్దుకుంటోందేమో అనుకున్నాను. ఇరవై. ఇరవై ఒకటి. పైపు సన్నగా ఈల వెయ్యడం మొదలుపెట్టింది.

అప్పుడు తట్టింది నాకు. బావ కొట్టే దెబ్బ గోడ వైపు నుంచి రావాలి. ఇది అటు నుంచి రావడం లేదు... నా చెవి పక్కనే మోగుతోంది. ట్యాంకులోకి పోయే పైపు లోపలి నుంచి.

ఠంగ్.

గబగబా మర ఎడమకి తిప్పాను. ఈల తగ్గలేదు. ఇంకా తిప్పాను. మర మొత్తం ఊడి చేతిలోకొచ్చింది. స్ప్రింగు మీద ఏ ఒత్తిడీ లేదు... అయినా ఈల పెరుగుతూనే ఉంది. పంపు స్విచ్ కట్టేశాను. మోటారు ఆగింది. హోరు ఆగింది.

పైపు ఆగలేదు. ఒణుకుతూనే ఉంది.

నాకు తెలిసిన పనంతా అయిపోయింది. ఇక చెయ్యడానికేమీ లేదు. "బావా," అని అరుస్తూ పరిగెత్తాను.

గేజి ముందు ఎవరూ లేరు. ముల్లు చివరికంటా పోయి వంగిపోయింది. బాయిలర్ తలుపు తెరిచుంది. లోపల బర్నర్ మూతి నుంచి కాగిన నూనె చిమ్ముతోంది... దాని కింద బావ కాళ్ళు.

ఎలా లాగానో నాకు గుర్తులేదు. ఒళ్ళంతా బొబ్బలు. కళ్ళు తెరవలేదు. పెదాలు కదిలాయి.

"మూడు... కొట్టావు కదరా..."

"లేదు బావా. నేనసలు కొట్టనేలేదు."

ఆ తర్వాత బావ మాట్లాడలేదు.

ఇవాళ్టికి తొమ్మిదో రోజు. మిట్టమధ్యాహ్నం, వార్డులో కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. బావ మంచానికి ఒక పక్క అక్క, ఒక పక్క నేను. ఊపిరితిత్తుల్లోకి నూనె ఆవిరి పోయిందట. గోడలోని పైపు నుంచి ఆక్సిజన్ ఎక్కిస్తున్నారు. ఎంత పోతోందో చూపే మీటర్ గాజు గొట్టంలో చిన్న గుండు తేలుతూ ఉంటుంది. అది పదికి తగ్గకూడదని, తగ్గితే వెంటనే పిలవమని నర్సు చెప్పింది. నేను దాని మీద నుంచి చూపు తిప్పడం లేదు. అక్క ఇంతవరకూ నన్ను ఒక్క మాటా అనలేదు. తిట్టినా బావుండేది.

ఇందాక అక్క తలెత్తింది.

"గోడ అవతల ఎవరైనా ఏదన్నా కొడుతున్నారేంట్రా?"

నేనూ విన్నాను. మంచం వెనకాల, గోడ లోపల. ఠంగ్... ఠంగ్.

రెండు.

గుండు తొమ్మిదికి దిగింది. లేచి మీటర్ మర తిప్పాను. పెరగలేదు. ఇంకా తిప్పాను. ఎనిమిది. నర్సుని కేకేశాను. ఆవిడ పరిగెత్తుకొచ్చి మర తిప్పింది, గొట్టం పీకి మళ్ళీ పెట్టింది, కొత్త మీటర్ తెస్తానని మళ్ళీ పరిగెత్తింది. ఏడు.

అక్క నా చెయ్యి పట్టుకుంది. "ఏదో ఒకటి చెయ్యరా," అంటోంది. "నీకు తెలిసిన పనే కదా ఇది."

మర నా చేతిలోనే ఉంది. నాకింకేమీ తెలియదు. చెవి గోడకి ఆనించి నిలబడ్డాను.

ఠంగ్... ఠంగ్...