ఆకుపచ్చ మంట కోసం

"సైంటిస్ట్ ఉమాశ్రీ ప్రాణం మీ చేతుల్లో ఉంది," ఇయర్‌పీస్‌లో అన్నాడు చీఫ్ సోమేశ్వరరావు.

ఏజెంట్ వీరలక్ష్మి హౌస్‌కీపింగ్ యూనిఫాంలో, నానక్‌రామ్‌గూడ షేర్ ఆటోలో ఇరుక్కుని ఉంది. ఒళ్లో సాంబ్రాణి వేసే ఇత్తడి గిన్నె.

"రాగి లవణం పట్టించిన ఆమె బొగ్గు, డీజిల్ పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్‌లను పట్టేస్తుంది. ఇవాళ గాజు గదిలో కూర్చుని ఆ విషవాయువునే ఫిల్టర్ గుండా పీల్చి చూపిస్తుంది. ఆర్బిట్ ముఠా అసలు ఫిల్టర్ కొట్టేసి, దాని చోట మామూలు బొగ్గు పెట్టబోతోందని కబురు."

"షో ఆపేయొచ్చు కదండీ?"

"ఆపితే దొంగ దొరకడు. లోపల మన ఏజెంట్ రసజ్ఞ ఉంది."

డ్రైవర్ అద్దంలోంచి చూశాడు. "ఏందమ్మా, నీలో నువ్వే మాట్లాడుతున్నవ్?"

"మా మరిదితో, ఫోన్‌లో."

ఉమాశ్రీ ఆఫీసున్న పదకొండో అంతస్తులో మెషిన్ పూజ అయిపోవస్తోంది. పట్టుచీర, హైహీల్స్‌తో రసజ్ఞ తాంబూలం సంచులు పంచుతోంది.

"సాంబ్రాణి ఎక్కడిది?" కోడ్ అడిగింది.

"మూసాపేటది. పొగ తక్కువ."

"ఫిల్టర్ నేనే బిగించా. ఫికర్ వద్దు," గొణిగింది రసజ్ఞ.

అయినా వీరలక్ష్మి తనే ఓసారి చూసుకోవాలనుకుంది. ధూపం వేస్తున్నట్టు వంగి, ఫిల్టర్ కింద రాలిన నల్లటి గింజలు ఏరి నిప్పుల మీద వేసింది. రాగి ఉంటే ఆకుపచ్చ మంట లేవాలి.

లేవలేదు. మామూలు బొగ్గులా ఎర్రబడ్డాయి.

అప్పటికే గాజు తలుపు లాక్ అయింది. లోపల ఉమాశ్రీ అతిథులకు చెయ్యి ఊపుతోంది. కంట్రోల్ తాళం రసజ్ఞ దగ్గరే. తెర మీద 'గ్యాస్ రెడీ' వెలిగింది.

వీరలక్ష్మి పైకి చూసింది. స్మోక్ సెన్సర్‌కి ప్లాస్టిక్ టోపీ.

"రామాంజనేయులు గారూ, ఆ టోపీ తీయండి."

"పూజ అయ్యేదాకా తియ్యనమ్మా," అన్నాడు ఫెసిలిటీస్ మేనేజర్. "కిందటిసారి సాంబ్రాణికి అలారం మోగి బిల్డింగంతా రోడ్డు మీద నిలబడింది. మెమో నాకొచ్చింది."

"ఇంకోటి కూడా తీసుకోండి."

కుర్చీ ఎక్కి టోపీ పీకింది. పొట్లంలోని సాంబ్రాణంతా నిప్పుల్లో గుమ్మరించి గిన్నె పైకెత్తింది. తెర మీద వాల్వ్ తెరుచుకోబోతుండగా అలారం మోగింది. గ్యాస్ కట్. తలుపులన్నీ వాటంతటవే తెరుచుకున్నాయి.

"నా ప్రయోగం పాడుచేసిందెవరు?" బయటికొచ్చింది ఉమాశ్రీ.

వీరలక్ష్మి గిన్నె చూపించింది. గింజలు ఎర్రగానే ఉన్నాయి. "ఇది నా బొగ్గు కాదు," అంది ఉమాశ్రీ.

అలారం మోగగానే అందరూ మెట్ల వైపు పరుగెత్తితే, రసజ్ఞ మాత్రం హైహీల్స్‌తో దిగలేక లిఫ్ట్ ఎక్కేసింది. ఫైర్ అలారం మోగితే ఆ లిఫ్ట్ ఎక్కడా ఆగదు. నేరుగా కిందికి దిగి తలుపు తెరుస్తుంది. కింద సోమేశ్వరరావు నిలబడి ఉన్నాడు.

ఆమె తాంబూలం సంచిలో కొబ్బరికాయ కింద అసలు ఫిల్టర్ దొరికింది. మెట్లు దిగొచ్చిన ఉమాశ్రీ అందులోంచి చిటికెడు తీసి, వీరలక్ష్మి గిన్నెలోని నిప్పుల మీద చల్లింది. ఆకుపచ్చ మంట లేచింది.

"మీరూ నన్ను నమ్మారు, ఆర్బిట్ వాళ్లూ నమ్మారు," అంది రసజ్ఞ తాపీగా. "చెప్పులే మోసం చేశాయి."

సాయంత్రానికి స్టాఫ్ అందరికీ మెయిల్ వచ్చింది: ఇకపై ఈ బిల్డింగ్‌లో సాంబ్రాణి ప్రమాదకర పదార్థం.