వెనక సందులో గోడ

మూడు రోజుల నుంచి ఒకటే వాన. ఆ ఉదయం కూడా అత్తగారు అలవాటుగా పాలు కాచి దించి, తన గదిలో మంచం మీద కూర్చుని ఆరేళ్ళ మనవరాలికి జడలు వేస్తోంది. ఆ రోజే కొత్త బడి తెరుస్తారు. దాన్ని కట్టించింది ఇంజనీరైన కోడలు. ఈ ఇల్లు కట్టించిందీ ఆమే. రెండూ ఒకే పద్ధతి. కింద రాతి పునాది, పైన దిమ్మిసతో కొట్టికొట్టి గట్టిపరిచిన ఎర్రమట్టి గోడలు. "మట్టింట్లో ఉంటున్నారటగా" అని ఎదురింటావిడ దీర్ఘం తీసినప్పుడల్లా అత్తగారు నవ్వేసేది గానీ, లోపల భయంగానే ఉండేది.

"నానమ్మా, మన గోడ నోరు తెరిచింది" అంది మనవరాలు.

"జడ వేసేదాకా నువ్వు మూసుకో ముందు."

"నిజంగా! చూడు!"

మంచం పక్కనే, నేల నుంచి మోకాలెత్తు దాకా ఒక పగులు. చిటికెన వేలు దూరేంత ఉంది. అక్కడ గోడ కడుపు ముందుకు తోసినట్టు ఉబ్బింది. దానికి పైన, భుజమెత్తున, అరచేయంత మేర గోడ ఎప్పటిలాగే నున్నగా మెరుస్తోంది. పిల్ల మంచమెక్కి రుద్దే చోటు అదేనని అత్తగారు ఎప్పుడూ అనుకునేది.

ఆవిడ దువ్వెన పడేసి కోడల్ని కేకేసింది.

కేక విని కోడలు పరుగున వచ్చింది. టార్చి వేసి చూసింది. పగుల్లో వేలు పెట్టి తీసింది.

"అత్తయ్యా, పిల్లని తీసుకుని వరండాలోకి వెళ్ళండి. వస్తువులు తర్వాత. ముందు మీరు!"

కొడుకు నోట్లో బ్రష్షుతోనే వచ్చాడు. "ఒక్క పగులుకే ఇంత కంగారా?"

"బడిదీ అదే మట్టి, అవే పాళ్ళు. అక్కడ గోడలు కొట్టిందీ ఈ ఇంటి మేస్త్రీయే. వాటి పక్కన ఇవాళ అరవై మంది పిల్లలు కూర్చుంటారు."

"అయితే?"

"తెరవద్దంటాను. నా లెక్క తప్పని రాసిస్తాను. కూల్చేయమంటాను."

"కూల్చేస్తే ఇంకెవరిస్తారు నీకు పని? పదిహేనేళ్ళ కష్టం..."

"పిల్లల నెత్తిన పడ్డాక ఇస్తారా?"

ఆమె వెంటనే బడికి ఫోన్ చేసింది. "పిల్లల్ని లోపలికి రానివ్వకండి. వచ్చి చెబుతాను." తర్వాత వరండాలో కాగితం తీసుకుని కూర్చుంది.

ఆ గోడకి ఏమైందో అత్తగారికి తెలుసు.

నిరుడు వానల్లో కొడుకూ కోడలూ పని మీద పది రోజులు ఊళ్ళో లేరు. వెనక సందులో గోడ అడుగున తడి మరక కనిపించింది. పిల్ల పడుకునేది ఆ గోడ పక్కనే! ఎదురింటావిడ చెప్పిన మనిషిని పిలిపించి, బయటివైపు మోకాలెత్తు దాకా దిట్టంగా సిమెంటు పూయించింది. కోడలు చూస్తే నొచ్చుకుంటుందని, దాని మీద ఎర్రమట్టి తన చేత్తోనే అలికింది. రంగు అతికినట్టు సరిపోయింది. నేనూ పనిమంతురాలినే అని మురిసిపోయింది కూడా. ఆ సందులోకి ఎవరొస్తారు?

ఇప్పుడు చెబితే, పిల్లని మళ్ళీ తన దగ్గర పడుకోనిస్తారా? చెప్పకపోతే? కాగితం మీద కలం రెండో వాక్యంలోకి వెళ్ళింది.

ఆవిడ లేచి మూలనున్న గునపం అందుకుని వానలోకి నడిచింది.

"అమ్మా! ఎక్కడికి?"

వినిపించుకోలేదు. వెనక సందులోకి వెళ్ళి శక్తికొద్దీ పొడిచింది. మూడో పోటుకి పెద్ద పెచ్చు ఊడిపడింది. పైన ఎరుపు, లోపల బూడిదరంగు. దాని వెనక నుంచి బురద నీరు కారింది.

"ఇదెవరు పూశారు?" వెనకే వచ్చిన కోడలు అడిగింది.

"నేనేనమ్మా."

పెచ్చు ఊడిన చోట కోడలు చేయి పెట్టింది. మణికట్టు దాకా దిగిపోయింది. "మట్టిగోడ తడిసినా ఫరవాలేదత్తయ్యా, ఆరితే చాలు. ఆరే దారి మీరు మూసేశారు. ఏడాదిగా లోపలే నానుతోంది." ఉన్నట్టుండి గొంతు చించుకుంది. "పక్కనే పిల్ల పడుకుంటుంది!"

"పిల్ల పడుకుంటుందనే పూయించాను."

"భయంగా ఉందని నాతో ఒక్క మాట అనొచ్చుగా!"

"నీకు భయమే లేదు కదా. నా భయం నీకేం చెప్పను?"

"నాకు లేదా?" ఆమె నవ్విందో ఏడ్చిందో ఆ వానలో తెలియలేదు. "వాన పడిన ప్రతిసారీ, మీరు వంటింట్లో ఉన్నప్పుడు వచ్చి అరచేయి ఆనించి చూస్తాను, చెమ్మేమైనా ఉందా అని. కిందికి వంగి చూడాలని తోచలేదు."

భుజమెత్తున ఆ నునుపు అత్తగారి కళ్ళ ముందు కదిలింది. పిల్లది కాదు. ఆవిడ గునపం వదిలేసి కోడలి బురద చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"అయితే బడికి ఢోకా లేనట్టేగా?" అన్నాడు కొడుకు.

"చూడకుండా అనను. అక్కడా ఎవరికో భయమేసి ఉండొచ్చు."

"నేనూ వస్తాను" అంది అత్తగారు. "దొంగ దాచిన చోటు దొంగకే దొరుకుతుంది."

బడి గేటు ముందు పిల్లలు గొడుగుల కింద గుంపుగా నిలబడి ఉన్నారు. కోడలు ఒకవైపు నుంచి, అత్తగారు మరోవైపు నుంచి గోడ పొడుగునా వంగి, నాలుగడుగులకోసారి గోరుతో గీకి చూస్తూ వెళ్ళారు. గీకిన ప్రతిసారీ అత్తగారి ప్రాణం గోటి కిందికి వచ్చేది. బూడిదరంగు కనిపిస్తుందేమో, ఇక్కడా ఏ తల్లో, ఏ కాపలాదారో...

వెనక మూల దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు.

"ఏముందత్తయ్యా?"

ఆవిడ పదివేళ్ళూ చాపింది. "పైన తడి. లోపల ఉత్త మట్టేనమ్మా. పొడి మట్టి."

కోడలు ఆ గోడకి ఒకసారి అరచేయి ఆనించింది. తర్వాత గది గదికీ వెళ్ళి లోపల కూడా చూసి, గేటు తీయమని సైగ చేసేసరికి అరగంట పట్టింది. పిల్లలు బిలబిలా పరిగెత్తారు.

అత్తగారు కోడలి దగ్గరికి వచ్చి అడిగింది. "మరి ఇవాళ పిల్ల... ఎక్కడ పడుకుంటుంది?"

"మీ దగ్గరే. గోడ మళ్ళీ కట్టేదాకా ఇద్దరూ ముందు గదిలో పడుకోండి." కోడలు ఆవిడ గోళ్ళలోని మట్టిని తన చీర కొంగుతో తుడిచింది. "ఈసారి భయమేస్తే మాత్రం నన్ను లేపండి."