మొదలు తెగిన మనీప్లాంటు

పొద్దున్నే కుసుమకుమారి స్టూలెక్కి, కొబ్బరినూనెలో ముంచిన దూదితో మనీప్లాంటు ఆకులు తుడుస్తోంది. హాల్లో గాజుసీసాలోంచి లేచిన తీగ పురికొస మీదుగా కిటికీ దాకా పాకింది గానీ, ఏడాదైనా ఒక్క ఆకూ లేత తమలపాకును మించలేదు.

కిటికీలోంచి కిందికి చూస్తే ఆమెకు కళ్ళు మండుతాయి. ఇంటి ఓనరు భూలక్ష్మి వరండా పక్క గోడంతా అదే తీగ. ఒక్కో ఆకూ అన్నం తినే పళ్ళెమంత! ఈ సీసాలోని ముక్క కూడా ఆవిడ తెంపిచ్చిందే.

"మంచి కొమ్మ తనకుంచుకుని చచ్చు ముక్క మనకిచ్చింది," అంది భర్తతో, బహుశా వందోసారి.

"నువ్వా ఆకులకి తలంటడం మానెయ్యి. అవే పెరుగుతాయి," అన్నాడు హనుమత్ప్రసాద్ పేపర్లోంచి తలెత్తకుండా.

తొమ్మిదయింది. కూతురు సుమశ్రీ బ్యాగు తగిలించుకుని మెట్లు దిగింది. బేగంపేటలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తిన్నగా గేటు దాటకుండా వరండాలో ఆగింది. భూలక్ష్మి దాని చెయ్యి పట్టుకుని ఏదో అడిగింది. పిల్ల తల అడ్డంగా ఊపింది. సాయంత్రమూ ఇదే వరస. అక్కడ అరగంట గుసగుసలు, పైకొచ్చాక "తలనొప్పిగా ఉందమ్మా" అని మంచమెక్కడం. కన్నది తను, కబుర్లు ఆవిడకి. పైగా ఆవిణ్ణి "పెద్దమ్మా" అని పిలుస్తుంది!

"కింద ఆ తీగ పక్కన కూర్చుంటే ప్రాణం లేచొస్తుందమ్మా," అంది ఆ రాత్రి సుమశ్రీ అన్నం కలుపుకుంటూ. కుసుమకుమారి కంచం పక్కకి నెట్టేసింది.

మర్నాడు మధ్యాహ్నం భూలక్ష్మి బల్కంపేట ఎల్లమ్మ గుడికి వెళ్ళింది. కూరగాయల కత్తి పైటచెంగులో దాచుకుని కుసుమకుమారి కిందికి దిగింది. కుండీల వెనక, వేలెడు మందాన ఉన్న తీగ మొదలుని రెండు కోతల్లో తెంపేసింది. పైకొచ్చి చేతులు కడుక్కుంది. లోపలెక్కడో చల్లగా ఉంది.

తెల్లారి కిటికీలోంచి చూసింది. వాడలేదు. మూడోనాడూ వాడలేదు. వారానికి, పైన ఒక కొత్త ఆకు చుట్ట విప్పుకుని ఎండలో నిగనిగలాడింది. ఇంట్లో సీసాలోది మాత్రం ఓ ఆకు పండి రాలింది. చచ్చిన తీగ కూడా ఆవిడ పక్షమే!

పదోరోజు ఆదివారం. అసలు పూర్తిగా తెగిందో లేదో చూద్దామని కుండీల వెనక వంగింది.

"తెగింది లే, కుసుమమ్మా. మంచిగనే తెగింది."

వెనక నీళ్ళ పైపుతో భూలక్ష్మి నిలబడి ఉంది.

"నేను కాదు... ఎలుకలేమో."

"ఎలుకకు గింత సాఫ్‌గ కోసుడు వస్తదా? ఫికర్ చెయ్యకు. గణుపు గణుపుకు వేర్లు గోడను పట్టుకొని ఉన్నయి. రోజు గోడ తడుపుతున్న, బతుకుతది."

"తెలిసీ ఎందుకడగలేదు?"

"అడిగితే లొల్లి అయితది, నీ బిడ్డకు తెలుస్తది. తల్లి మీద దాని మనసు విరగొద్దని ఊకున్న."

ఆ దయ చెంపదెబ్బకంటే గట్టిగా తగిలింది కుసుమకుమారికి.

"మీ మంచితనం మీ దగ్గరే ఉంచుకోండి! నేను తెంపింది తీగని. మీరు నా పిల్లనే నా నుంచి తెంపేశారు. ఏం మందు పెట్టారండీ దానికి?"

"అమ్మా!" మెట్ల మీంచి సుమశ్రీ పరుగెత్తుకొచ్చింది. "పెద్దమ్మనేం అనకు. నా... నా ఉద్యోగం పోయి రెండు నెలలైంది."

కంపెనీలో ఒకే రోజు ముప్పైమందిని తీసేశారట. ఆ సాయంత్రం గేటు దగ్గరే ఏడుపు ముంచుకొస్తే భూలక్ష్మి లోపలికి తీసుకెళ్ళి మంచినీళ్ళిచ్చిందట. ఇప్పుడు రోజూ వెళ్తున్నది ఆఫీసుకి కాదు, నాలుగు సందుల అవతల కంప్యూటర్ కోచింగ్‌కి.

"ఆవిడకి చెప్పావు. నాకు చెప్పలేదు." కుసుమకుమారి గొంతులో ఇంకా అదే ముల్లు.

"ఎలా చెప్పను? ఫోనెత్తితే పిన్నికీ అత్తకీ 'మా సుమ సాఫ్ట్‌వేర్' అంటావు. అప్పుడు నీ మొహం ఎలా వెలుగుతుందో నీకు తెలీదమ్మా. అది చూస్తూ నోరు రాలేదు."

"మీ అమ్మకు చెప్పు బిడ్డా అని రెండు పూటలా మొత్తుకుంటున్న," అంది భూలక్ష్మి. "రేపు చెప్తా పెద్దమ్మా అంటది. ముచ్చట్లేం లేవు కుసుమమ్మా, రోజు గదే పంచాయితి."

కుసుమకుమారి వరండా మెట్టు మీద కూలబడింది. కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుంది.

"క్లాసు ఎన్నింటికి?"

"ఏడింటికి."

"ఏడా? నువ్వు వెళ్ళేది తొమ్మిదికి కదే!"

"అంత పొద్దున్నే వెళ్తే ఎందుకని అడుగుతావుగా. అసలు క్లాసు అయిపోయాక వెళ్ళి, నాతోపాటు చేరిన మంజూష నోట్సు చూసి రాసుకుంటున్నా."

తన మెప్పు కోసం పిల్ల రెండు నెలలుగా పాఠమే పోగొట్టుకుంటోంది! కుసుమకుమారి పైట నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"నన్ను చెంప మీద కొట్టండి, అక్కా," అంటూ భూలక్ష్మి చేతులు పట్టుకుంది.

"కొట్టుడెందుకు? జర గీ పైపు పట్టు. నా నడుము పోతున్నది."

ఏడుపులోనే నవ్వొచ్చింది ముగ్గురికీ. కుసుమకుమారి పైపు అందుకుంది.

"రేపు ఆరింటికల్లా ఉప్మా చేసి పెడతాను. తిని క్లాసుకెళ్ళు."

"మరి నాన్నకి?"

"నేను చెప్తాను. పిన్నికీ, అత్తకీ కూడా నేనే చెప్తాను. మా సుమ ఉద్యోగం వెతుక్కుంటోందని."

చివరి మాట మెల్లగా వచ్చింది. ఆ మాట మళ్ళీ, ఈసారి కాస్త గట్టిగా, పైకే అని చూసుకుంది.